తవిటయ్యని తీసుకుని అరకు వెళ్ళి వచ్చాం

అరకు నుంచి దిగి వచ్చి ఇవాళ్టికి ఆరు రోజులైంది. నా మోకాళ్ళు మాత్రం ఇంకా ఘాట్ రోడ్డు మీదే ఎక్కడో ఉండిపోయాయి. వాటిని పార్సిల్లో పంపమని ఎవరికి రాయాలో తెలియడం లేదు. కనిపించిన ప్రతివాడూ, "అరకా! వలిసె పూలు చూశారా? కాఫీ తోటలు చూశారా?" అంటున్నాడు. చూశాను. పూలు పచ్చగా ఉన్నాయి, కాఫీ తోటలు ఎత్తుగా ఉన్నాయి. అంతకు మించి వర్ణించే ఓపిక లేదు.

మేం వెళ్ళింది పూల కోసం కాదు. తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం ఆడుకుంటున్న ఆట ఒకటి చచ్చేట్టుంది. పూర్వం క్షయ రోగుల్ని మదనపల్లె తీసుకెళ్ళినట్టు, మేం దాన్ని కొండగాలికి తీసుకెళ్ళాం.

ఆట సంగతి

తొంభై నాలుగులో మా కామేశం బావమరిది బొంబాయి ఫుట్‌పాత్ మీద కొని పంపిన ఇంగ్లీషు పెట్టె అది. అందులోని పుస్తకంలో సగం పేజీలు చెదలు తిన్నాయి. ఆ సగం నేను పూరించాను కాబట్టి ప్రపంచంలో ఆ పద్ధతిలో ఆడేవాళ్ళం మేం ముగ్గురమే. బోర్డు లేదు, పావులు లేవు. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై "నేను గోడ దూకుతాను", "నేను పులిని పొడుస్తాను" అంటారు. దూకాడా, కాలు విరిగిందా అన్నది పాచిక తేలుస్తుంది. కథ చెప్పే దౌర్భాగ్యుణ్ణి నేను.

కామేశం విజయనగరంలో జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరు. కథలో అతను భుజంగవర్మ అనే వీరుడు. బలం పదహారు. అప్పలనాయుడిది సైకిల్ షాపు. అతను తవిటయ్య. బుట్టలల్లుకునేవాడు, కరువొస్తే సైన్యంలో చేరాడు. మొదటి రోజున మూడు మామూలు పాచికలు వేసి, ఎంత వస్తే అంత బలం రాసుకోవాలి. నాయుడికి ఒకటి, ఒకటి, మూడు పడ్డాయి. మొత్తం అయిదు. తన బల్లెం తనే ఎత్తలేని సైనికుడు. మళ్ళీ వేసుకోమన్నాం. "ఒచ్చినోడు ఒచ్చినాడు, ఇప్పుడెలగ పొమ్మంతాం?" అన్నాడు నాయుడు. తొమ్మిదేళ్ళు ఆ అయిదుతోనే నెట్టుకొచ్చాడు.

ఇక తగువు. మా దగ్గర ఇరవై ముఖాల పాచిక ఒకటుంది, ఉసిరికాయంత. దాన్ని వేస్తే నీ బలానికి సమానంగా గాని తక్కువగా గాని అంకె పడాలి, అప్పుడు పని అయినట్టు. ఇరవై ముఖాలకీ ఒకటే హక్కు కాబట్టి తవిటయ్యకి నాలుగు సార్లకి ఒకసారి పని అవుతుంది. భుజంగవర్మకి అయిదు సార్లకి ఒకసారి తప్పుతుంది. ఆ ఒక్కసారే కామేశానికి కంట్లో నలుసు. మొన్నామధ్య భుజంగవర్మ తియ్యలేని గడియని తవిటయ్య చిటికెన వేలితో తీసేశాడు. "ఇది ఆట కాదు, లాటరీ! మూడు పాచికలు కూడే పద్ధతికి మారకపోతే నేను రాను," అన్నాడు కామేశం. "ఇరవై ముకాలది తీసేత్తే నాను రాను," అన్నాడు నాయుడు.

ఇద్దరిలో ఎవడు లేచిపోయినా ఆట ఆగిపోతుంది. శనివారం పోతే నాకు మిగిలేవి ఆఫీసు, ఆదివారం. ఆదివారం మా ఇల్లు, ఆఫీసు కన్నా పెద్ద ఆఫీసు. అందుకని మూడు రోజులు అరకులో కూర్చుని, రెండు పద్ధతులూ ఆడి, అక్కడే తేల్చుకుని దిగుదామని ఒప్పించాను.

శృంగవరపుకోట నుంచి పైకి

కోటలో పాసింజరు ఎక్కాం. పెట్టెలో జనం ఎంతమందంటే, నేను ఊపిరి తీసినప్పుడు పక్కవాడు వదలాల్సి వచ్చింది. కిటికీ పక్కన సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. కాయ అర్ధరూపాయి. మా ఊళ్ళో అదే కాయని రెండు రూపాయలకి అమ్మి, ముందు రోజు కాయని కింద పెట్టి ఇస్తారు. ఈమె పండినవేవో నొక్కి చూసి మరీ ఇచ్చింది. మేం ఒళ్ళో అట్ట పరిచి, కాగితాలు తీసి, పాచిక విసరగానే మొహం అటు తిప్పేసుకుంది.

"ఇంత వయసొచ్చినాది. పెల్లాం పిల్లల్నొగ్గేసి రైల్లో పాచికలేటి బాబూ?"

"ఇది జూదం కాదమ్మా," అన్నాడు కామేశం. "ఇది కథ."

"జూదమాడినోలందరిదీ కతే," అంది ముసలమ్మ.

కథలో అప్పుడు ఎలుగుబంటి గుహ. భుజంగవర్మ వెనక్కి తగ్గాడు. తవిటయ్య ముందున్నాడు. ఎలుగుబంటి తరఫున పాచిక నేనే వెయ్యాలి, అదీ ఎవరికీ కనిపించకుండా, చొక్కాల పెట్టె అట్ట నిలబెట్టి దాని వెనకాల. కథ చెప్పేవాడికి ఆ సౌకర్యం పుస్తకంలోనే ఉంది. నేను పాచిక వేశాను. అదే క్షణాన రైలు సొరంగంలో దూరింది. పెట్టెలో దీపాలు వెలగవు. ఆ చీకటి ఎంత చిక్కనంటే, గిన్నెలో ఎత్తుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

"తప్పింది! తవిటయ్య వొంగాడు, పంజా గోడకి తగిలింది!" అన్నాను, ఎప్పటి అలవాటు కొద్దీ.

తరవాత చీకట్లోంచి నాయుడి గొంతు వచ్చింది.

"గురూ. సీకట్లో నీకెలగ అగుపడ్డాది?"

నేను అట్ట వెనకాల పాచిక కోసం తడుముకున్నాను.

"మేష్టారూ, మీకేటైనా అగుపడతందా?"

"లేదు," అన్నాడు కామేశం.

"నా సెయ్యే నాకగుపడ్నేదు నాయినా," అని ముసలమ్మ అడక్కుండానే సాక్ష్యం చెప్పింది.

సొరంగం అయిపోయింది. వెలుగొచ్చింది. అట్ట వెనకాల పాచిక లేదు, సీతాఫలాల గంపలోకి దొర్లిపోయింది. ఏ అంకె పడిందో దేవుడికి తెలియాలి. నాయుడు నా మొహం చూశాడు. నా మొహం చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

బొర్రా

బొర్రాలో దిగి గుహలు చూశాం. లోపలికి మెట్లు దిగాం, పదివేలుంటాయి. తిరిగి ఎక్కేటప్పుడు ఇరవై వేలున్నాయి. అందరూ రాళ్ళలో శివుణ్ణి, ఏనుగుని, మొసలిని చూపించుకుంటున్నారు. నాకు ప్రతి రాయీ కూర్చోడానికి అనువుగా కనిపించింది. కామేశం ముందు వెళ్ళిపోయాడు. నాయుడు నా పక్కన చతికిలబడ్డాడు.

"తొమ్మిదేల్లలో ఎన్నిసార్లు సేసినావు?"

"నాలుగైదు సార్లుంటుంది," అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక అంకెని తగ్గించి చెప్పాను.

"గురూ."

"లెక్క లేదు నాయుడూ."

అతను పైకి చూశాడు. పైన గబ్బిలాలు.

"మా ఈదిలో అందరికీ సెప్పుకున్నాను. బలం నేదు గాని తవిటయ్యకి దెబ్బ తగల్దని. కొట్టుకి పంచరుకొచ్చినోలకి కూడా సెప్పినాను. మా ఆడగుంట బడిలో సెప్పుకున్నాది. అదురుస్టం తవిటయ్యది కాదు, నీ నోటిదన్నమాట."

"తవిటయ్య చచ్చిపోతే నువ్వు లేచి వెళ్ళిపోతావని భయమేసిందయ్యా."

"ఇప్పుడెల్తన్నాను గదా," అన్నాడు నాయుడు, కోపం లేకుండానే. "మూడ్రోజులకని ఒచ్చినాను, మూడ్రోజులూ ఉంతాను. దిగినాక ఆటొగ్గేత్తాను. శనోరం కొట్టు తెరుసుకుంతాను."

బయట బొంగులో చికెన్ కాలుస్తున్నారు. వెదురు గొట్టంలో కోడిముక్కలు కుక్కి, ఆకు మూత పెట్టి నిప్పుల మీద దొర్లించడమే, నూనె చుక్క పడదు. మా ఇళ్ళలో కూరంటే పైన వేలెడు నూనె తేలాలి. మామూలు రోజైతే నాలుగు బొంగులు తినేవాణ్ణి. ఆ రోజు మూడుతో సరిపెట్టుకున్నాను. నాలిక కూడా కాల్చుకున్నాను. ఆ కాలిన నాలికతోనే జీపెక్కి అరకు చేరాను.

అరకు, రెండో రోజు

కామేశానికి సంగతి చెప్పాను. లెక్కలవాడు కదా, రోగమేదైనా లెక్కతోనే కుదురుతుందని అతని నమ్మకం.

"ఇరవై ముఖాలదాంట్లో కథ చెప్పేవాడికి అబద్ధమాడాలనిపిస్తుంది. ఎందుకంటే దానికి ఒక నడత లేదు, ఏ అంకెయినా పడచ్చు. మూడు పాచికలు కూడితే అలా కాదు. పదీ పదకొండూ తరచు పడతాయి, మూడూ పద్దెనిమిదీ ఎప్పుడో గాని పడవు. లోకం అలాగే ఉంటుంది. అబద్ధంతో పని ఉండదు."

వసతి గృహం వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ పద్ధతిలో ఆడాం, అట్ట అడ్డం లేకుండా. ఎలుగుబంటిని అలాగే గుహలో ఆపి, ముందు చిన్న చిన్న పనులతో పరీక్ష పెట్టాను. భుజంగవర్మ ఏరు ఈదాడు, కోట ఎక్కాడు, ఏనుగుని తోక పట్టి ఆపాడు. ఒక్కటీ తప్పలేదు. తవిటయ్య పిట్టగోడ ఎక్కబోయి పడ్డాడు. మళ్ళీ ఎక్కబోయి మళ్ళీ పడ్డాడు. పదోసారి గోడే జాలిపడి కూలుతుందేమో అనుకున్నాను.

"మూడు పాచికల మీద అయిదు గాని అంతకు తక్కువ గాని ఎన్నిసార్లు పడతాది మేష్టారూ?" అడిగాడు నాయుడు.

కామేశం చప్పున చెప్పేశాడు. "రెండు వందల పదహారు రకాలుగా పడచ్చు. అందులో పది."

"మీ పదహారుకి?"

"నాలుగు తప్ప అన్నీ."

"బాగుంది. మా ఈదిలాగే ఉంది. ఉన్నోడికన్నీ అవుతాయి, నేనోడు పిట్టగోడ కాడే ఉంతాడు."

చిత్రమేమిటంటే కామేశం కూడా సంతోషంగా లేడు. గెలుస్తూ గెలుస్తూ ఆవలించడం మొదలుపెట్టాడు. ఏనుగు తోక పట్టుకున్నప్పుడు అతని కళ్ళు మూతపడి ఉన్నాయి. తప్పుతుందేమోనన్న బెదురు లేకపోతే వీరత్వం కూడా ఆఫీసు పనే అని అప్పుడు తెలిసింది. అది అతను ఒప్పుకోడు. "ఎత్తు ప్రదేశం, నిద్ర ముంచుకొస్తుంది," అన్నాడు.

కాఫీ తాగాం. చుట్టూ కనుచూపు మేర కాఫీ తోటలు. గ్లాసులో వచ్చింది మా ఊరి కిరాణా కొట్టు పొడి. ఇక్కడి గింజలు ఎక్కడికి వెళతాయని అడిగితే, "దూరదేశాలకి సార్," అన్నాడు సర్వరు. ఇంత అలసిపోయి ఇక్కడిదాకా వచ్చినవాణ్ణి నేను. గింజలేమో నన్ను తప్పించుకుని వెళ్ళిపోయాయి.

పాడేరు రోడ్డు, మూడో రోజు

పాడేరు దాకా జీపు, అక్కడి నుంచి చోడవరం బస్సు, ఆపైన ఇల్లు. ఆట బతికించే ఉపాయం నా దగ్గర లేదు. జీపులో పద్దెనిమిది మందిమి ఉన్నాం, పైన కట్టేసిన కోళ్ళు వేరు. సగం దారిలో జీపు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. డ్రైవరు దిగి, చూసి, "బేగి ఒచ్చెత్తాను," అని పాడేరు వైపు వెళ్ళే లారీ ఎక్కి పోయాడు. ఉత్తరాంధ్రలో బేగి అంటే త్వరగా, త్వరగా అంటే మధ్యాహ్నం లోపల.

రోడ్డు పక్కన తాటాకుల పాక, టీ కొట్టు. నడిపే ఆవిడ పేరు సుక్రమ్మ. నలభై దాటి ఉంటాయి. టీలో పాలు లేవు, అల్లం మాత్రం దంచి పోసింది. రూపాయి. ఆకలంటే చోడి అంబలి, అదే రాగి జావ, ఇచ్చింది. మా ఊళ్ళో అంబలి అంటే జ్వరం వచ్చినప్పుడు. ఇక్కడ పని చేసుకొచ్చాక. నేను ఏ పనీ చెయ్యలేదు గాని రెండు డొప్పలు తాగాను.

బేరం లేనప్పుడు సుక్రమ్మా, ఆవిడ వదినా నేల మీద బొగ్గుతో గళ్ళు గీసి ఆడుకుంటున్నారు. చింతపిక్కల్ని ఒక వైపు రాతి మీద అరగదీస్తే తెల్లగా వస్తుంది, రెండో వైపు నల్లగా ఉండిపోతుంది. చెరి నాలుగు పిక్కలు. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు. మా అమ్మమ్మలూ ఆడినదే, వింతేమీ లేదు. అయితే సుక్రమ్మ పిక్కలు విసరబోతూ, చేతిలోంచి ఒక పిక్క తీసి వదిన అరచేతిలో పెట్టింది. ఈవిడకి మూడు, ఆవిడకి అయిదు. అలా ఆడారు.

నాయుడు అంబలి డొప్ప కింద పెట్టాడు.

"అదేటమ్మా? నీ పిక్క ఆవిడికిచ్చీసినావు?"

"మరి? నాను ముందున్నాను కద."

"అలగైతే నువ్వోడిపోతావు."

"ఓడిపోతే అది నాకిత్తాది," అంది సుక్రమ్మ.

"ఇయ్యకపోతే నాను లేసి వొంటకెల్లిపోతాను," అంది వదిన. "దీనితో ఆడ్డానికి మరెవులున్నారు? కోల్లా?"

ఇది ఆ ఊరి ఆచారమో, ఆ ఇద్దరి ఆచారమో నాకు తెలియదు. కామేశం వేళ్ళ మీద లెక్క వేస్తున్నాడు. నాకు మాత్రం ఒకటి అడగాలనిపించింది.

"చాటుగా ఇవ్వకూడదా అమ్మా? ఆవిడకి తెలియకుండా? ఓడిపోతున్నానని బాధ ఉండదు కదా."

సుక్రమ్మ నన్ను అదోలా చూసింది, పెద్దవాడికి పిచ్చి పట్టిందేమోనన్నట్టు. "సాటుగా ఇత్తే దొంగపని కద బాబూ. తీసుకున్నోలికి తెలకపోతే మల్లీ ఎలగ తిరిగిత్తారు?"

నాయుడు నా వైపు చూడలేదు. అది నాకు చూసినదాని కన్నా ఎక్కువగా తగిలింది. తొమ్మిదేళ్ళలో అతనికి నేను ఇచ్చినవన్నీ తిరిగి ఇవ్వడానికి వీల్లేనివి.

ఎలుగుబంటి

"గురూ," అన్నాడు నాయుడు, కాసేపయ్యాక. "ఆ ఎలుగుబంటి ఇంకా తవిటయ్య మీదే ఉంది. సొరంగంలో ఏటి పడ్డాదో తెల్లేదు. అది తేల్సీ. దిగీలోగా."

అట్ట తీసి, పొయ్యి విసురుకోమని సుక్రమ్మకి ఇచ్చేశాను. ఆవిడ దగ్గర పిక్కలు అడిగి తీసుకున్నాం. కామేశం అక్కడికక్కడ కొత్త పద్ధతి కట్టాడు. భుజంగవర్మ బలానికి నాలుగు పిక్కలు. తవిటయ్య బలానికి రెండు. ఎలుగుబంటి పట్టు విడిపించుకోవాలంటే రెండు తెల్లగా పడాలి. పడకపోతే తవిటయ్య పని అయిపోయినట్టు.

"రెండు పిక్కల మీద రెండూ తెల్లగా పడాలంటే నాలుగోవంతు," అన్నాడు కామేశం. "పాత పాచిక మీద ఎంతో అంతే."

సుక్రమ్మా, వదినా తమ ఆట ఆపి మా దగ్గరికి జరిగారు.

"ఈ బాబు ముందున్నాడు కద," అంది వదిన కామేశాన్ని చూపించి. "పిక్కియ్యడేటి?"

కామేశం చేతిలో నాలుగు పిక్కలున్నాయి. తొమ్మిదేళ్ళు భుజంగవర్మ ఎవరికీ ఏమీ ఇచ్చిన పాపాన పోలేదు. ఒకటి ఇస్తే తనకీ మూడే మిగులుతాయి, తనకీ సగానికి సగం సార్లు తప్పుతుంది. ఆ లెక్క అతని మొహంలో నడవడం నేను చూశాను, సిద్ధాంతం మొదలు సమాధానం దాకా. నా లెక్కలో ఆ నిమిషం మూడు గంటలు పట్టింది. చివరికి ఒక పిక్క తీసి నాయుడి అరచేతిలో పెట్టాడు.

"ఇప్పుడు నీకూ నాకూ ఒకటే, నాయుడూ. సగానికి సగం."

"అచ్చా," అన్నాడు నాయుడు. మూడు పిక్కలూ గుప్పిట్లో పట్టుకుని ఆడించాడు. నా నాలిక మీద "తప్పింది, బతికాడు" అన్న మాట అప్పటికే తయారుగా ఉంది. దాన్ని పళ్ళతో పట్టి ఉంచాను.

విసిరాడు. ఒకటి తెలుపు. రెండు నలుపు.

పాకలో అందరూ వంగి చూశారు. చూడడానికి ఏముంది, అందరికీ కనిపిస్తూనే ఉంది.

"సచ్చిపోనాడు," అన్నాడు నాయుడు.

"మళ్ళీ వెయ్యవయ్యా," అన్నాడు కామేశం. అన్నది కామేశమే, నేను కాదు. "నేల ఎగుడుదిగుడుగా ఉంది. ఇది లెక్కలోకి రాదు."

"ఒద్దు మేష్టారూ. నా సేత్తో ఏసినాను. అందరూ సూసినారు."

తవిటయ్య కాగితం తీశాడు. తొమ్మిదేళ్ళ కాగితం. చెమటకి, గ్రీజుకి, టీ మరకలకి తోలులా అయిపోయింది. మడవబోయి ఆగాడు. నాయుడి కళ్ళు తడిగా ఉన్నాయో, పొయ్యి పొగో నాకు తెలియదు. నావి మాత్రం పొగ వల్లే. అయిపోయింది అనుకున్నాను. ఇక శనివారాలు లేవు. ఒళ్ళంతా అలసట ఒక్కసారి దిగింది, కొండలన్నీ నా భుజాల మీద పెట్టి ఎవరో పక్కకి వెళ్ళినట్టు.

సుక్రమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. ఎలుగుబంటి చంపిన మనిషంటే ఆ కొండల్లో అది వట్టి కథ కాదు.

"ఆ మనిసికి పిల్లలేటైనా ఉన్నారా బాబూ?"

ఆ మాట తొమ్మిదేళ్ళలో మాలో ఎవరికీ తోచలేదు. కామేశం నా వైపు చూశాడు. కథ చెప్పేవాణ్ణి నేనే. కాని నాకు తెలియదు.

నాయుడు కాగితం వైపు చాలాసేపు చూశాడు. "ఉన్నాది," అన్నాడు మెల్లిగా. "ఒక గుంట."

"పేరేటి?" అంది వదిన.

"ఎర్రమ్మ." కాసేపు ఆలోచించాడు. "బుట్టలల్లతాది. తండ్రి కబురు ఇంకా తెలీదు దానికి. ఈ శనోరానికి తెలుత్తాది."

రోడ్డు మీద లారీ ఆగింది. డ్రైవరు జీపు సామాను భుజాన వేసుకుని దిగాడు. నాయుడు తల ఎత్తలేదు. కాగితం తిరగేసి, కామేశం జేబులోని పెన్సిలు లాక్కుని, ఖాళీ వైపు పైన పేరు రాశాడు. కింద 'బలం' అని రాసి, దాని పక్కన చోటు వదిలి, నేల మీది పిక్కల కోసం నా ముందు చెయ్యి చాపాడు.

"ఇలాగియ్యి గురూ. ఎంతొత్తే అంత."